నట్టల మందు నుంచి మనిషి మందు దాకా

బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్ వైపు వెళ్తుంటే దారిలో ఏ మందుల షాపులో అడిగినా ఆల్బెండజోల్ దొరుకుతుంది. చిన్న స్ట్రిప్‌లో ఒకటే మాత్ర, 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. పిల్లాడు నిద్రలో పళ్లు కొరుకుతున్నాడని, తిన్నది ఒంటబట్టడం లేదని డాక్టరు చీటీ లేకుండానే తల్లులు కొనుక్కుపోతారు. అదే షాపులో డైఇథైల్‌కార్బమజీన్ అని అడిగితే వెంటనే తట్టకపోవచ్చు గానీ బానోసైడ్ అంటేనో, హెట్రజాన్ అంటేనో తీసిస్తారు. ఈసినోఫిల్ కణాలు పెరిగి దగ్గు వదలనివాళ్లకు రాస్తుంటారు కనుక పట్నంలో చాలామందికి అది ఈసినోఫీలియా మాత్ర. నిజానికి అది పుట్టింది బోదకాలు పురుగు మీదికి. దాన్ని పుట్టించిన పరిశోధనశాలకు పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ రెండు మాత్రలూ ఏటా కోట్ల మంది కడుపులోకి వెళ్తున్నాయి. రెండూ పాతవే. డైఇథైల్‌కార్బమజీన్ 1947 నాటిది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందరూ పిలిచినట్టు ఇకమీదట మనమూ దాన్ని డీఈసీ అనే అందాం. ఆల్బెండజోల్ 1970లలో వచ్చింది. వీటి పక్కన మెబెండజోల్, పైరాంటెల్, ఐవర్‌మెక్టిన్, ప్రాజీక్వాంటెల్ లాంటి మరికొన్నిటిని చేరిస్తే మనుషుల్లోని పురుగుల మీద మనకున్న మందుల జాబితా దాదాపు అయిపోతుంది. 1975 నుంచి 1999 దాకా పాతికేళ్లలో ప్రపంచ మార్కెట్లోకి 1393 కొత్త ఔషధాలు వస్తే, ఉష్ణదేశాల జబ్బులన్నిటికీ, క్షయకూ కలిపి దక్కినవి 16. వాటిలో పురుగుల మీద పనిచేసేవి ఇంకా తక్కువ. ఇంత కరువు ఎందుకొచ్చిందన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

కొంత కారణం పురుగులోనే ఉంది. బాక్టీరియా చుట్టూ మన కణాలకు లేని గోడ ఉంటుంది. పెన్సిలిన్ ఆ గోడను కట్టనివ్వదు, మన జోలికి రాదు. పురుగుతో ఆ సౌకర్యం లేదు. అదొక జంతువు. దానికీ కండరాలున్నాయి, నరాలున్నాయి, పేగుంది, మగా ఆడా ఉన్నాయి. మన నరాల్లో సంకేతాలు మోసే అసిటైల్‌కోలిన్, గాబా లాంటి రసాయనాలే దాని నరాల్లోనూ మోస్తాయి. దాన్ని చంపే విషం మనల్నీ దెబ్బతీయగలదు. 1940ల దాకా బోదవ్యాధికి ప్రయత్నించిన ఆంటిమొనీ, ఆర్సెనిక్ మందులతో వచ్చిన చిక్కు అదే. పురుగు సంగతి ఎలా ఉన్నా రోగి నలిగిపోయేవాడు.

కాబట్టి మందు తయారు చేసేవాళ్లు పురుగుకూ మనిషికీ మధ్య ఉన్న సన్నటి తేడా కోసం వెతకాలి. కణం లోపల సరుకులు కదిలే నాళికలు ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. ఆ ప్రొటీన్ మనలోనూ ఉంది, ఏలికపాములోనూ ఉంది. కానీ పురుగు ట్యూబ్యులిన్‌ను ఆల్బెండజోల్ పట్టుకున్నంత గట్టిగా మనదాన్ని పట్టుకోదు. నాళికలు కూలిపోయి, గ్లూకోజును పీల్చుకునే శక్తి పోయి పురుగు మాడి చస్తుంది. పైగా ఈ మందు పేగులోంచి రక్తంలోకి చాలా కొద్దిగానే ఎక్కుతుంది. వేరే జబ్బుకైతే అది లోపం, పేగులో ఉన్న పురుగుకు అదే మేలు. ఐవర్‌మెక్టిన్ ఇంకా సూటిగా వెళ్తుంది. గ్లూటమేట్ తగిలితే తెరుచుకునే క్లోరైడ్ ద్వారాలు పురుగుల నరాల్లో, కండరాల్లో ఉంటాయి, వెన్నెముక ఉన్న జీవుల్లో ఉండవు. ఐవర్‌మెక్టిన్ ఆ ద్వారాలను తెరిచి, మళ్లీ మూసుకోనివ్వదు. పైరాంటెల్, పైపరజీన్ అసలు చంపే పనే పెట్టుకోవు. మొదటిది పురుగు కండరాలను బిగదీస్తుంది, రెండోది వదులు చేస్తుంది. పేగు గోడను ఆనుకుని నిలబడే బలం పోయాక మిగతా పని పేగు కదలికే చూసుకుంటుంది.

రక్తంలోనో, కండలోనో, శోషనాళాల్లోనో కాపురం పెట్టిన పురుగుతో ఈ వెసులుబాటు లేదు. దాన్ని పట్టు వదిలించినా బయటికి దారి ఉండదు. చస్తే అక్కడే చస్తుంది, చచ్చిన పురుగు చుట్టూ శరీరం వాస్తుంది. బోదకాలు పురుగు మీద మందు ఎందుకంత కష్టమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మిగతా కారణం డబ్బు. పాలమూరులో గానీ అనంతపురంలో గానీ గొర్రెల కాపరి మందు తాగించడం దగ్గర నిలబడి చూడండి. గొర్రెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో దవడ పట్టి, నోటి పక్క సందులోంచి నట్టల మందు పోస్తాడు. తల మరీ పైకెత్తడు, గబగబా పోయడు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే గొర్రె దక్కదని అతనికి తెలుసు. ఒకటి కాగానే దాని వీపున రంగు చుక్క పెట్టి ఇంకోదాన్ని లాగుతాడు. వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి మంద మొత్తానికి ఈ పని జరగాల్సిందే. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, దక్షిణ అమెరికాలో ఇలాంటి మందలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. వాటి యజమానులు మందుకు డబ్బు పెట్టగలరు, ఏటా పెడతారు. కంపెనీలు ఆ మార్కెట్ కోసమే వెతికాయి.

1961లో మెర్క్ కంపెనీ తెచ్చిన థయాబెండజోల్ పశువుల మందుగానే పేరు తెచ్చుకుంది. ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన ఆల్బెండజోల్ కూడా ముందు గొర్రెలకూ పశువులకూ, ఆ తర్వాతే మనిషికి. జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలోని సూక్ష్మజీవిని సతోషి ఒమురా వేరుచేసి మెర్క్‌కు పంపితే, అక్కడ విలియం కాంప్‌బెల్ బృందం దాన్నుంచి ఐవర్‌మెక్టిన్ తీసింది. పశువుల మార్కెట్లోకి 1981లో వచ్చింది. ఆఫ్రికాలో నదుల ఒడ్డున మనుషుల చూపు పోగొట్టే ఆంకోసెర్కా పురుగు మీద దానికి అనుమతి 1987లో దొరికింది. అవసరం ఉన్నంత కాలం, ఎంత కావాలంటే అంత ఉచితంగా ఇస్తామని మెర్క్ అదే ఏడాది ప్రకటించింది. ఒమురా, కాంప్‌బెల్ ఇద్దరికీ 2015లో నోబెల్ వచ్చింది. ఆ దానాన్ని తక్కువ చేయను. లక్షల మంది చూపును అది కాపాడింది. కానీ దానం చేయగలిగింది పశువుల మందుగా ఆ మాత్ర అప్పటికే డబ్బు తెచ్చిపెట్టింది కనుకనే అన్నది కూడా మనం గుర్తుంచుకోవాల్సిన నిజం.

ఈ దారిన రానిది డీఈసీ. దాని వెనక ఉన్నది మంద కాదు, సైన్యం. రెండో ప్రపంచయుద్ధంలో సమోవా, టోంగా లాంటి పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికన్ సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా, అంటే బోదవ్యాధి బారిన పడ్డారు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు, చేతులూ కాళ్లూ వాపు, బీజాల వాపు. ఏనుగు కాళ్ల ఫొటోలు చూసిన కుర్రాళ్లు ఎంత బెదిరి ఉంటారో ఊహించవచ్చు. గోదావరి డెల్టాలో, శ్రీకాకుళం తీరంలో తరతరాలుగా జనం మోస్తున్న జబ్బు అమెరికన్ ప్రయోగశాలలకు అప్పుడు అత్యవసరమైంది.

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ బాధ్యుడయ్యారు. 1895లో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్న మనిషి. ఆ తర్వాత హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టి, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏటీపీనీ పట్టుకున్నారు. ఆ కథ తెలుగు పాఠకులకు తెలిసిందే. ఇక్కడ మనకు కావాల్సింది ఆయన లెడర్లీలో పనిని నడిపిన తీరు. ఒక మేధావి ఒంటరిగా కూర్చుని మందు కనిపెట్టిన కథ కాదిది. పరాన్నజీవుల నిపుణుడు హ్యూయిట్, రసాయన శాస్త్రవేత్త కుష్నర్, ఇంకా కొందరు ఒకే బల్ల చుట్టూ పనిచేశారు. ఒకరు అణువు కట్టడం, ఇంకొకరు దాన్ని పురుగున్న జంతువుకు ఇచ్చి చూడటం, ఫలితాన్నిబట్టి మొదటివాళ్లు అణువును మళ్లీ మార్చడం. ఈ చక్రం ఆగకుండా తిరిగేలా చూడటమే సుబ్బారావు పని. కొత్త మందులు ఇవాళ్టికీ ఈ పద్ధతిలోనే పుడుతున్నాయి.

వాళ్లకు ఎదురైన మొదటి అడ్డంకి ఇప్పటికీ తొలగలేదు. బోదకాలు తెచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టి మనిషిలో తప్ప మామూలు ప్రయోగశాల జంతువుల్లో పెరగదు. ఎలుకకు అంటించి మందు వేసి చూద్దామంటే కుదరదు. లెడర్లీ బృందం దానికి దగ్గరి చుట్టాన్ని పట్టుకుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తిరిగే కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో లిటొమొసాయిడెస్ అనే ఫైలేరియా పురుగు సహజంగానే ఉంటుంది. ఆ ఎలుకల మీద, గుండెపురుగు ఉన్న కుక్కల మీద అణువులను ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించుకుంటూ పోయారు. పైపరజీన్ వలయం ఉన్న ఒక అణువు నోటి ద్వారా ఇచ్చినా పనిచేసింది, జంతువును పెద్దగా బాధించలేదు. అదే హెట్రజాన్. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ప్యూర్టోరికోలో ఫైలేరియా రోగులకు ఇచ్చి చూసిన డాక్టర్లు, రక్తంలో సూక్ష్మఫైలేరియాలు, అంటే పిల్లపురుగులు, వేగంగా మాయమవుతున్నాయని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశారు. సూదులు లేవు, ఆర్సెనిక్ లేదు, నోట్లో వేసుకునే మాత్ర. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు చనిపోయారు.

ఆ మందు చేసే పని ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలకు కొరుకుడు పడలేదు. గాజు పాత్రలో సూక్ష్మఫైలేరియాలను ఉంచి మామూలు మోతాదులో డీఈసీ పోస్తే అవి చావవు, హాయిగా ఈదుతూనే ఉంటాయి. మనిషికి ఇస్తే మాత్రం గంటల్లో రక్తంలోంచి పోతాయి. అంటే మందు ఒంటరిగా చంపడం లేదు. మన రోగనిరోధక కణాల సాయం తీసుకుంటోంది. 2020లో అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో ముడి విప్పారు. పురుగు కండరాల్లో ఉండే ట్రిప్ అనే అయాన్ ద్వారాలను డీఈసీ తెరుస్తుందనీ, పురుగు కాసేపు చచ్చుబడిపోతుందనీ చూపించారు. ఆ కాసేపే మన కణాలకు అవకాశమన్నమాట. 1947లో కేవలం గాజు పాత్రలో పరీక్షించి అణువులను వడపోసి ఉంటే డీఈసీ చెత్తబుట్టలోకి పోయేది. జంతువులో చూశారు కాబట్టి దక్కింది. పెద్ద పెద్ద రోబోలు రోజుకు వేల అణువులను గాజు పలకల మీద పరీక్షిస్తున్న ఈ రోజుల్లో ఈ సంగతి మర్చిపోకూడదని నా గట్టి అభిప్రాయం.

సూక్ష్మఫైలేరియాను ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. రాత్రి జనం పడుకునే వేళకు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి వేలి కొసన పొడిచి రక్తపు చుక్క తీస్తారు. పగలు తీస్తే లాభం లేదు. పగటి పూట ఇవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకే చర్మం దగ్గరికి వస్తాయి. ఆ తాజా చుక్కను గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ముందు పురుగు కనిపించదు. ఒకచోట ఎర్రకణాలు మాత్రం చెల్లాచెదురుగా ఎగిరిపడుతుంటాయి. అక్కడ దృష్టి నిలిపితే పావు మిల్లీమీటరు పొడవున్న, పారదర్శకమైన తొడుగు వేసుకున్న పిల్లపురుగు మెలికలు తిరుగుతూ తేలుతుంది. డీఈసీ మాత్ర ఒకటి ఇచ్చి కాసేపు ఆగితే పగలు కూడా ఇవి బయటికి వస్తాయి. పగటి పూట రక్తపరీక్షకు ఆ చిట్కానూ వాడతారు.

మందు దొరికితే జబ్బు పోయినట్టేనని అప్పట్లో అనుకున్నారు. మన దేశం 1955లోనే జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి జనానికి డీఈసీ పంచింది. ఆ ప్రయత్నం నిలవలేదు. మందు వేసుకున్నవాళ్లకు జ్వరం, తలనొప్పి, వాంతులు వచ్చేవి. సూక్ష్మఫైలేరియాలు ఒక్కసారిగా చచ్చినప్పుడు శరీరం చూపే ప్రతిస్పందన అది. ఒంట్లో పురుగు ఉన్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషికి మాత్ర వేసుకున్నాకే జ్వరం వస్తే, తప్పు మాత్రదే అనుకోవడం సహజం. ఒక ఇంట్లో జ్వరం వస్తే మరుసటి రోజు వీధి మొత్తం తలుపులు వేసుకుంటుంది. ఆ తర్వాత చాలాకాలం ప్రభుత్వాలు దోమల మీద పడ్డాయి. రాజమండ్రిలోని ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం లాంటి చోట్ల తరాల తరబడి సిబ్బంది రాత్రి రక్తం తీయడం, దోమను కోసి పురుగును వెతకడం నేర్చుకున్నారు. సుబ్బారావు చదువుకున్న ఊరు అది. 2004 నుంచి మళ్లీ దేశవ్యాప్తంగా ఏడాదికోసారి డీఈసీ, తర్వాత ఆల్బెండజోల్ కలిపి, జబ్బున్న జిల్లాల్లో అందరికీ ఇస్తున్నారు. పెద్దలకు 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, మంచం పట్టినవాళ్లకు ఇవ్వరు. ఆశా కార్యకర్త ఎదుటే మింగాలి.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన మలుపు విశాఖపట్నంలో ఉంది. ఫైలేరియా నిర్మూలనకు మంచి నాణ్యత ఉన్న డీఈసీ దొరకడం కష్టమైనప్పుడు, 2012లో లండన్‌లో జరిగిన ఒప్పందంలో జపాన్ కంపెనీ ఎయిసాయ్ 220 కోట్ల డీఈసీ మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తానని మాటిచ్చింది. ఆ మాత్రలు తయారు చేస్తున్నది తన విశాఖ ఫ్యాక్టరీలో. 2013 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యత ముద్ర వాటికి పడింది. భీమవరం కుర్రాడి పర్యవేక్షణలో అమెరికాలో పుట్టిన మందు, భీమవరానికి కొన్ని గంటల దూరంలో తయారై, సముద్రం దాటి దేశదేశాలకు వెళ్తోంది. ఇలాంటి దానాలతో, పంపిణీలతో ప్రపంచంలో ఫైలేరియా సోకినవారి సంఖ్య 2018 నాటికి 5.1 కోట్లకు దిగింది. నిర్మూలన కార్యక్రమం మొదలైన 2000 నుంచి లెక్కేస్తే 74 శాతం తగ్గుదల.

మరి కొత్త మందు ఎందుకు? పిల్లపురుగులను ఊడ్చేసే డీఈసీ, శోషనాళాల్లో గూడుకట్టుకున్న తల్లిపురుగులను పూర్తిగా చంపలేదు. ఆడపురుగు తెల్లని దారం పోగులా సన్నగా, పది సెంటీమీటర్ల దాకా పొడవుంటుంది, ఐదారేళ్లు బతుకుతుంది, బతికినంత కాలం పిల్లల్ని వదులుతూనే ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి ఏటా మింగాలి. తల్లిపురుగు చచ్చిందో లేదో చూడటానికి బ్రెజిల్‌లోని రెసిఫెలో డాక్టర్లు 1990లలో ఒక మంచి దారి కనిపెట్టారు. మగవారి వృషణాల దగ్గరి శోషనాళాలకు అల్ట్రాసౌండ్ పెడితే తెర మీద పురుగులు ఎడతెగకుండా కదులుతూ కనిపిస్తాయి. వైద్యులు దాన్ని ఫైలేరియా నృత్యం అంటారు. మందు ఇచ్చాక ఆ కదలిక ఆగితే పని జరిగినట్టు. డీఈసీ ఇచ్చిన చాలామందిలో కొన్ని గూళ్లు ఆగాయి, కొన్ని ఆగలేదు.

తల్లిపురుగును చంపే దారి అనుకోని చోట దొరికింది. చాలా ఫైలేరియా పురుగుల కణాల్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే పురుగుకు సంతానం లేదు, చివరికి బతుకూ లేదు. బాక్టీరియా అన్నాక ఆంటీబయోటిక్ పనిచేయాలి కదా. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు టెట్రాసైక్లిన్‌తో ఆ బాక్టీరియాను తీసేస్తే పురుగు గొడ్డుబోతుందని చూపించారు. వాళ్లు ప్రయోగం చేసిన పురుగు లిటొమొసాయిడెస్, అంటే హెట్రజాన్‌ను పట్టించిన ఆ కాటన్ ర్యాట్ పురుగే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అది 1948లో వెలుగు చూసింది కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీలోనే, బెంజమిన్ డగ్గర్ చేతుల్లో. పురుగూ, దాన్ని గొడ్డు చేసే మందూ ఒకే కప్పు కింద ఉన్నాయి. రెంటినీ కలిపే జ్ఞానం రావడానికి మాత్రం అర్ధశతాబ్దం పట్టింది.

ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ ఇస్తే ఉకరేరియా తల్లిపురుగులు మెల్లగా చస్తాయి. కానీ చిన్న పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. పల్లెలో ఊరందరితో నెలన్నర పాటు రోజూ మాత్ర మింగించడం అయ్యే పని కాదు. వారంలో వోల్బాకియాను తుడిచిపెట్టే అణువు కోసం లివర్‌పూల్ కేంద్రంగా ఒక పరిశోధన కూటమి 2007 నుంచి పనిచేస్తోంది. ఈలోగా ఉన్న పాత మందులనే కలిపి చూశారు. పాపువా న్యూగినీలో ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ ఒకేసారి ఇస్తే దాదాపు అందరి రక్తంలోనూ మూడేళ్ల దాకా సూక్ష్మఫైలేరియాలు తిరిగి రాలేదు. ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. మన దేశంలోనూ బిహార్‌లోని అర్వల్‌తో మొదలై కొన్ని జిల్లాల్లో ఇప్పుడు మూడు మందులూ ఇస్తున్నారు. ఆంకోసెర్కా మీద 2018లో అమెరికాలో అనుమతి పొందిన మాక్సిడెక్టిన్ పశువుల మందే. దాని పుట్టిల్లు లెడర్లీకి మాతృసంస్థ అయిన అమెరికన్ సయనమిడ్. మనిషి కోసం ఇప్పుడు పరీక్షల్లో ఉన్న ఎమోడెప్సైడ్ పిల్లుల మందు. టాంజానియాలో చేసిన పరీక్షలో కొరడా పురుగు మీద అది చాలా బాగా పనిచేసిందని 2023లో తేలింది. ఆ పురుగు ఒక్క మోతాదు ఆల్బెండజోల్‌కు సరిగా లొంగదు కనుక ఇది చిన్న విషయం కాదు.

ఇంకో తొందర కూడా ఉంది. గొర్రెల్లో 1961లో వచ్చిన థయాబెండజోల్‌కు 1964 నాటికే లొంగని పురుగులు బయటపడ్డాయి. తర్వాత వచ్చిన ప్రతి నట్టల మందుకూ అదే గతి పట్టింది. ఆల్బెండజోల్ ఆ కుటుంబానికి చెందినదే. ట్యూబ్యులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు చిక్కదు. ఏటా ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టులో, ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఈ మాత్ర ఇస్తున్నాం. ఇవ్వాల్సిందే. రక్తహీనతతో నీరసపడే ఆడపిల్లకు కొంకి పురుగు పోవడం వరం. కానీ ఇంతమందికి ఒకే మందు ఇస్తూ వెనక రెండోది సిద్ధం చేసుకోకపోవడం గొర్రెల అనుభవాన్ని పెడచెవిన పెట్టడమే.

మందు లేకుండా కూడా పురుగును గెలవొచ్చు, గెలిచాం. నారి కురుపు పురుగుకు ఇప్పటికీ మందు లేదు. కాలి పుండులోంచి బయటికి వస్తున్న పురుగును పుల్లకు చుట్టుకుంటూ రోజూ కాస్త కాస్త లాగడమే వైద్యం. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఉన్న ఆ పీడను దిగుడు బావులు మూయించి, నీళ్లు గుడ్డతో వడగట్టించి పోగొట్టారు. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ లేదు. మరుగుదొడ్డి, చెప్పులు, శుభ్రమైన నీరు ఏ మాత్రకూ తీసిపోవు. అయితే క్యూలెక్స్ దోమ మురుగు కాలువల్లోంచి వస్తుంది, దాన్ని గుడ్డతో వడగట్టలేం. బోదకాలుకు మందు కావాలి.

ఆ మందు హైదరాబాద్ నుంచి ఎందుకు రాకూడదు? 1961లో ఏర్పడ్డ ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఇక్కడ బాలానగర్‌లో సోవియట్ సాయంతో పెట్టిన ఫ్యాక్టరీ ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు చేతిపని నేర్పింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ప్రపంచానికి మందుల ముడిసరుకు పంపే ఊరిగా హైదరాబాద్‌ను మార్చింది ఆ తరమే. తార్నాకలో రసాయన పరిశోధనశాల ఉంది, అక్కడికి దగ్గర్లోనే కణజీవశాస్త్ర కేంద్రం ఉంది. బ్రూగియా మలయి ఫైలేరియా పురుగు జన్యుపటం 2007 నుంచి ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉంది. ఇతరులు కనిపెట్టిన అణువును తక్కువ ఖర్చులో తయారు చేయడంలో మనకు సాటి లేదు. కొత్త అణువును పురుగున్న జంతువు దాకా, అక్కడి నుంచి రోగి దాకా తీసుకుపోయే ఓపికకు మాత్రం మన కంపెనీలు డబ్బు పెట్టలేదు. బోదకాలు రోగి కొనలేడు, నిజమే. కొనలేని రోగి కోసం వెతికే ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. అమెరికన్ సైనికుల అవసరం ముందుకు వచ్చాకే డీఈసీ లాంటిది సాధ్యమైంది. మన జాలరి, మన వరికూలీ ఆ సైనికుల కన్నా తక్కువవాళ్లేమీ కాదు.

బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ ఉంది. జువాలజీ విద్యార్థులు పరీక్షల్లో ఉకరేరియా జీవితచక్రం బొమ్మ గీస్తారు, అదే ఆవరణలో కెమిస్ట్రీ విద్యార్థులు వలయాల చర్యలు నేర్చుకుంటారు. ఈ పుస్తకం వాళ్లలో ఎవరి చేతికైనా వస్తే నాదొక విన్నపం. పక్క తరగతివాళ్లతో కూర్చుని ఒకసారి మాట్లాడండి. సుబ్బారావు, హ్యూయిట్, కుష్నర్ పని మొదలైంది అలాగే. మిగతా పాఠకులకు చెప్పేది ఒకటే: జబ్బున్న జిల్లాలో మీ ఊరు ఉండి, ఆశా కార్యకర్త మాత్రలు తెస్తే, అన్నం తిన్నాక ఆమె ముందే మింగండి. ఆ రాత్రి కాస్త జ్వరం వస్తే భయపడకండి, ఆమెకు చెప్పండి. మరుసటి ఏడాది ఆమె వచ్చినప్పుడు మళ్లీ తలుపు తీయండి.